గోళీలు చేసే గణితం

రాయపూర్ నుండి బిలాస్‌పూర్ వెళ్ళే రైలుమార్గంలో తిల్దా అనే పట్టణం ఉన్నది. బియ్యపు మిల్లులకు పేరుపొందిన ఊరు. అటువంటి ఊరి స్టేషనులో వ్యాగన్లను ఒక దారి నుండి మరొక దారికి మళ్ళించడానికి పట్టాలకు పాయింట్లు ఉంటాయి. ఒక విచిత్రమైన పాయింటును ఊహించండి: తన మీదుగా పోయిన ప్రతి వ్యాగనూ దానిని రెండవవైపునకు తిప్పివేస్తుంది. మొదటిది ఎడమకు, రెండవది కుడికి, మూడవది మళ్ళీ ఎడమకు పోతాయి. ఇంతవరకు పోయినవి సరిసంఖ్యయో బేసిసంఖ్యయో ఆ పాయింటును చూసి చెప్పవచ్చు. ఇనుపముక్కకు జ్ఞాపకశక్తి వచ్చినదన్నమాట! కంప్యూటరు జ్ఞాపకశక్తి కూడా మూలంలో ఇంతకంటె గొప్పదేమీ కాదు.

అమెరికాలో జాన్ గాడ్‌ఫ్రీ రూపొందించిన ‘డిజి-కాంప్ 2’ అనే ఆటబల్ల ఈ సూత్రం మీదనే పనిచేస్తుంది. దానికి 1968లో పేటెంటు లభించింది. విద్యుత్తుతో పనిలేదు. వాలుగా ఉన్న బల్ల, పైనుండి జారే గోళీలు, దారిలో అటూ ఇటూ ఒరిగే మీటలు, అంతే. మీట ‘సున్న’ వైపు ఉంటే గోళీ దానిని ‘ఒకటి’కి ఒరిగించి బయటకు జారిపోతుంది. ‘ఒకటి’ వైపు ఉంటే సున్నకు మార్చి, పక్క మీట మీదికి దొర్లుతుంది. కూడికలో పది నిండగానే ఒకటిని పక్కస్థానానికి ఎక్కించడం వంటిదే ఇది. కాకుంటే ఇక్కడ రెండుకే నిండుతుంది. మీటల విలువలు వరుసగా 1, 2, 4. అయిదు గోళీలు జారాక మొదటిదీ మూడవదీ ఒరిగి ఉంటాయి: ఒకటీ నాలుగూ, అయిదు. కూడిక వచ్చిన యంత్రానికి గుణకారం ఎంతసేపు? అదే కూడికను మళ్ళీ మళ్ళీ చేయడమే.

దీని అన్న ‘డిజి-కాంప్ 1’ 1963లో వెలువడింది. అది ప్లాస్టిక్ పలకలతో చేసినది. మూడే స్థానాలు గనుక ఏడుకు మించి లెక్కించలేదు. కాన్పూరు ఐ.ఐ.టి.కి ఐ.బి.ఎం. 1620 కంప్యూటరు వచ్చిన సంవత్సరమూ అదే. ఆ పెద్ద యంత్రం లోపల జరిగేది ఎవరి కంటికీ కనిపించదు; ఈ బొమ్మలో దాచినదేమీ లేదు.

నేడు పిల్లవాని చేతిలోని ఫోనులో వందల కోట్ల మీటలున్నాయి, ఒక్కటీ కనిపించదు. కాబోలు, 2017లో పాల్ బోస్వెల్ ‘ట్యూరింగ్ టంబుల్’ పేరిట గోళీల బల్లను మళ్ళీ తెచ్చినప్పుడు ఆదరణ లభించింది. అందులో మీటలను ఎక్కడ అమర్చాలో పిల్లలే నిర్ణయించాలి. లెక్క తప్పితే యంత్రాన్ని నిందించి లాభం లేదు. గోళీ ఏ మలుపులో దారితప్పిందో వంగి చూసి, ఆ మీటను తీసి మరొకచోట పెట్టి, మళ్ళీ మొదటి గోళీని వదలాలి.