మూడు రోజుల దద్దుర్లు

అది 2003వ సంవత్సరం, మే నెల. మా వదినకు మూడో నెల. ఒకనాటి పొద్దున ఆమె ముఖం మీద గులాబిరంగు దద్దుర్లు కనిపించాయి. సాయంత్రానికి ఒళ్ళంతా పాకాయి. చెవుల వెనుక చిన్న బిళ్ళలు కట్టాయి. ఒళ్ళు కాస్త వెచ్చగా వున్నది, అంతే. చెన్నై ఎండలకు చెమటకాయలన్నది మా అమ్మ. పక్కింటి మామి వచ్చి చూసి "వేర్కురు" అన్నది. రెండు భాషల్లోనూ ఒకటే తీర్పు! గంధం అరగదీసి రాశారు. మూడోనాటికి మచ్చ కూడా మిగలలేదు. అందరం మరచిపోయాము.

బిడ్డ తక్కువ తూకంతో పుట్టాడు. రెండేళ్ళు వచ్చినా మాట రాలేదు. వీపు వెనుక పళ్ళెం పడినా తిరిగి చూడడు. చెవుడని తేలింది. ఆనాటి నుంచి మా యింట్లో నింద మొదలైంది. గ్రహణంనాడు కూర తరిగిందని ఒకరు, వద్దన్నా వాకిట్లోకి వచ్చిందని ఒకరు. ఏ గ్రహణం, ఏ తారీఖు అని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేరు. వదిన వంటింట్లో తలవంచుకుని వినేది. నేనూ అక్కడే కూర్చుని పేపరు చదువుకునేవాణ్ణి గాని, ఒక్క మాట అడ్డు చెప్పలేదు. యిది నాకు యిప్పటికీ సిగ్గుగానే వుంటుంది.

పిల్లవాడికి ఆరో ఏట ఒక డాక్టరమ్మ అడిగింది, "కడుపుతో వున్నప్పుడు ఒంటిమీద దద్దుర్లేమైనా లేచాయా?" అని. వదిన మా అమ్మ మొహం చూసింది. మా అమ్మ నేల చూసింది. యిన్నేళ్ళ తరువాత రక్తపరీక్షతో రుజువు చేయడం కుదరదుగాని, లక్షణాలు చూస్తే రుబెల్లా అనే అనిపిస్తున్నదని డాక్టరమ్మ చెప్పింది.

ఆఫీసులో ఇన్‌వర్డు రిజిస్టరు రాసుకునే నాకు వైద్యం తెలియదు. అయినా ఆ మాట విన్నాక వూరుకోలేక అడిగీ చదివీ తెలుసుకున్నాను. యీ సంగతి మొదట పట్టుకున్నవాడు సిడ్నీ నగరంలోని కంటి డాక్టరు నార్మన్ గ్రెగ్. 1941లో ఆయన దగ్గరకు పుట్టుకతోనే కళ్ళలో శుక్లాలున్న పసిబిడ్డలు వరుసగా రాసాగారు. ముసలివాళ్ళకు రావలసిన శుక్లం పాలు తాగే బిడ్డలకెందుకని ఆయన తల్లులను విచారించాడు. తానూ, తోటి డాక్టర్లూ చూసిన 78 మంది బిడ్డల్లో 68 మంది తల్లులకు గర్భంతో వుండగా యీ దద్దుర్లు వచ్చినవే! ఆయన మాట వెంటనే అందరూ నమ్మలేదు. లండన్‌లోని ఒక పెద్ద వైద్యపత్రిక 1944లో కూడా రుజువు చాలదన్నది. తరువాత 1964-65లో అమెరికాలో యీ జబ్బు వ్యాపించి, సుమారు 20,000 మంది బిడ్డలు చెవుడు, శుక్లాలు, గుండె లోపాలు వంటి వాటితో పుట్టారు. 1969లో అక్కడ టీకా వచ్చింది.

తల్లికి మూడు రోజుల్లో తగ్గిపోయేది బిడ్డనెందుకు అంత దెబ్బ తీస్తుంది? తల్లి రక్తంలో ఆ క్రిమితో పోరాడే ప్రతిరక్షకాలు తయారవుతాయి. కాని మొదటి మూడు నెలల్లో అవి మాయను దాటి బిడ్డకు చేరేది బహు స్వల్పం. ఎక్కువగా చేరేది చివరి నెలల్లోనే. బిడ్డకు సొంతంగా పోరాడే శక్తి అప్పటికింకా రాలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే కళ్ళు, చెవి, గుండె రూపు కడతాయి. అందుకే మొదటి పన్నెండు వారాల్లో సోకితే ప్రమాదం ఎక్కువ. యిరవై వారాలు దాటితే బాగా తగ్గుతుంది.

మరొక చిత్రం. అలాంటి బిడ్డ పుట్టేసరికి వాడి ఒంట్లో వాడు సొంతంగా తయారుచేసుకున్న ప్రతిరక్షకాలు కూడా వుంటాయి. ఐజియం అనే ఆ రకం తల్లి నుంచి మాయ దాటి రాదు కనుక, అది కనబడితే క్రిమి బిడ్డకు లోపలే సోకిందని డాక్టర్లు పోల్చుకుంటారు. అయినా క్రిమి వెంటనే పోదు. ఒక్కొక్కరిలో ఏడాది దాకా గొంతులో, మూత్రంలో వుంటుంది. బారసాలకు వచ్చి బిడ్డనెత్తుకునే గర్భిణికి దాని నుంచి సోకవచ్చు. మా యింట బారసాలకు ఎంతమంది వచ్చారో తలచుకుంటే యిప్పటికీ గుండె దడదడలాడుతుంది.

2017 ఫిబ్రవరిలో మన దేశంలో తట్టు, రుబెల్లా రెండింటికీ కలిపి టీకా వుద్యమం మొదలైంది. తొలి విడతలో మన తమిళనాడు, కర్ణాటక వున్నాయి, యానాం చేరిన పుదుచ్చేరి వున్నది. ఒడిశా, మహారాష్ట్రలకు 2018లో వచ్చింది. తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ళలోపు పిల్లలకు వేశారు. 2005లో పుట్టిన మా అమ్మాయి బడి నుంచి కాగితం తెచ్చింది. యీ సూది వేస్తే ఆడపిల్లలకు రేపు సంతానం కలగదట అని నా సెల్‌ఫోనుకు నాలుగు కబుర్లు వచ్చాయి. నేను కాగితం పక్కన పెట్టాను. వదిన వచ్చి, పెన్ను నా చేతికిచ్చి, "మరిదిగారూ, సంతకం పెట్టండి" అన్నది. మా పెళ్ళయిన యిన్నేళ్ళలో ఆమె నన్ను ఒక పని చేయమని చెప్పడం అదే మొదలు. పెట్టాను.

అప్పటికే పదిహేనేళ్ళు నిండిన ఆడపిల్లలు ఆ విడతలో తప్పిపోయారు. వాళ్ళలో చాలామందికి యిప్పుడు పెళ్ళిమాటలు నడుస్తున్నాయి. టీకా వేసిన గుర్తు లేకపోతే డాక్టరు నడిగి వేయించుకోవచ్చు. వేయించుకున్నాక ఒక నెలపాటు గర్భం రాకుండా చూసుకోవాలి. గర్భంతో వున్నప్పుడు వేయరు. కాన్పయ్యాక వేస్తారు, పాలిచ్చే తల్లులకు అడ్డులేదు.

మా బంధువుల్లో ఎక్కడ సంబంధం కుదిరినా వదిన కబురు చేస్తుంది. జాతకాలు కలిశాయా అని అడగదు. "పిల్లకు ఆ సూది పడ్డదా?" అంటుంది.