ఏ ప్రతాపరుద్రుఁడు?

మన అమ్రాబాదు కొండలలోఁ బ్రజలు ప్రతాపరుద్రుని కోట యని పిలుచు శిథిలదుర్గ మొకటి కలదు. ఏ ప్రతాపరుద్రుఁడని యడిగినచో బాలురు పెక్కండ్రు చెప్పఁజాలరు. చరిత్రలో నీ పేరఁ బ్రసిద్ధులు మువ్వురు గలరు. 1163లో హనుమకొండ వేయిస్తంభముల గుడిని గట్టించిన కాకతీయ రుద్రదేవుని మొదటి ప్రతాపరుద్రుఁడందురు. రెండవయతఁడు రుద్రమదేవి మనుమఁడు. 1323లో ఓరుగల్లు పడిపోఁగా ఢిల్లీసేనకుఁ జిక్కెను. మూఁడవయతఁడు 1497 మొదలు కటకము నేలిన గజపతి. 1514లో ఉదయగిరిని కృష్ణదేవరాయలకుఁ గోలుపోయెను.

ఒకని గెలుపును, నింకొకని యోటమిని వేఱొకని కంటఁగట్టుట చరిత్రము గాదు, అన్యాయము. తరగతిలో నొకే పేరుగల యిరువురిలో నొకఁడు చేసిన తప్పునకు రెండవవానిని దండించిన నెవ్వరైన నోర్తురా? గతించినవారు తమ పక్షమున మాటాడలేరు గావున వారియెడ మనకు మఱింత జాగ్రత్త వలయును.

కావున విద్యార్థులు రాజుల పేర్లు వ్రాయునపుడు వంశమును, గాలమును దప్పక చేర్పవలెనని మేము కోరుచున్నాము. కోట యెవ్వరిదో నిర్ణయించుటకుఁ బేరొక్కటియే చాలదు. శాసనములను, గట్టడమును బరిశీలింపవలెను. పేరు తలిదండ్రు లిచ్చునది. కీర్తి యెవరిది వారు సంపాదించుకొనునది.