మిగిలిపోయిన పిన్ను

మా బావమరిది లారీకి మూడో గేరు నిలవడం మానేసింది. గేరు వేసి చెయ్యి తీస్తే చాలు, టక్కుమని న్యూట్రల్‌లోకి వచ్చేస్తుంది. చూస్తే ఆదోని యార్డుకు పత్తి వచ్చే రోజులు. ఈ బాడుగలమీదే వాడి కిస్తులు తీరాలి. షెడ్డులో అడిగితే వారం పడుతుందన్నారు.

"ఇప్పుడెట్ల బావా?" అని మా అరుగుమీద కూలబడ్డాడు.

"మనమే విప్పుదాం రా" అనేశాను.

నేను ముప్ఫై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పినవాణ్ణి. లారీ గురించి నాకు తెలిసిందల్లా అది వెనక్కి వస్తుంటే పక్కకు తప్పుకోవాలని. అయితే అమెరికాలో ఎవరో పెద్దమనిషి ఏకంగా ఆటోమేటిక్ గేరుబాక్సునే ఇంట్లో విప్పి బిగించడం ఫోనులో చూసి ఉన్నాను. అక్కడ 1940 మోడలు ఓల్డ్స్‌మొబైల్ కార్లలోనే ఆ రకం వచ్చింది. నూనె ఒత్తిడితో గేర్లు వాటంతటవే మారతాయి. మనది చేత్తో వేసే గేరే కదా, ఇదెంత అనుకున్నాను.

నలుగురం పట్టి గేరుబాక్సును పెరట్లోకి చేర్చాం. కింద మా ఆవిడ పాత చీర పరిచాను. అది మరీ పాతది కాదని తరవాత తెలిసింది. పై మూత విప్పుతుంటే స్ప్రింగు ఎగిరింది, దాని వెనకే ఉక్కుగుండు తులసికోటలోకి దూకింది. అక్కడినుంచి ప్రతి ముక్కకూ సుద్దముక్కతో నంబరు వేశాను. మూడో గేరును తోసే ఫోర్కు ఒక పక్క అరిగిపోయింది. ఇత్తడి రింగు పళ్ళూ మొద్దుబారాయి. రెండూ కొత్తవి తెచ్చి, మిగతావన్నీ కిరసనాయిల్లో కడిగి బిగించాం. మూడు రోజులు పట్టింది. నాలుగోనాడు గేరు నిలిచింది! మా ఆవిడ చీర సంగతి మరిచి ఉగ్గాని, బజ్జీలు చేసింది.

మర్నాడు తెల్లవారుజామునే వాడు పత్తికోసం ఎమ్మిగనూరు బయల్దేరాడు. నేను కాఫీ తాగుతున్నాను. పెరడు ఊడుస్తున్న మా ఆవిడ చేతిలో ఏదో పట్టుకుని వచ్చింది.

"ఏమండీ, ఇది మీ సామానేనా?"

చిన్న ఉక్కు పిన్ను. నంబరు లేదు. కడిగేటప్పుడు నడిమి రాడ్డులోంచి జారినట్టుంది.

అది చేసే పని ఏమిటంటే, ఒక గేరు పడితే మిగతా గేర్ల రాడ్లను కదలనివ్వదు. ఒక తలుపు తీస్తే పక్క తలుపులకు గడియ పడ్డట్టన్నమాట. అది లేకపోతే రెండు గేర్లు ఒక్కసారి పడవచ్చు. పడితే గేరుబాక్సు బిగుసుకుంటుంది, పరుగెత్తే లారీ వెనక చక్రాలు ఆగిపోతాయి.

ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మా ఆవిడ చీపురు పట్టుకుని అలాగే నిలబడింది. తమ్ముడు కదండీ. ఆరోసారి పలికాడు.

"సోమప్ప సర్కిల్ దాటినా బావా. ఏమైంది?"

"ఇంజను ఆపు. నేను వచ్చేదాకా తాళంచెవి ముట్టుకోకు."

ముప్ఫై కిలోమీటర్లు లేని దారి. బస్సులో జేబుమీద చెయ్యి తియ్యలేదు. ఎమ్మిగనూరులో ఒక మెకానిక్కును పిలిచాం. పై మూత ఒక్కటే తీసి, నడిమి రాడ్డు లాగి, గంటలో పిన్ను పెట్టేశాడు.

"ఇది బిగించిందెవరు?" అన్నాడు.

మా వాడు నావైపు చూడకుండానే, "కొత్తోడు లేన్నా" అన్నాడు.

"ఫోర్కు బాగానే కూసోబెట్టినాడు" అన్నాడు మెకానిక్కు.

పత్తి ఎత్తుకుని తిరుగుముఖం పట్టాం. నేను వాడి పక్కన కూచున్నాను. వాడు మూడో గేరు వేసి చెయ్యి తీశాడు. ఆదోని కొండలు కనిపించేదాకా నేను ఆ గేరు రాడ్డుమీంచి చూపు తిప్పలేదు.