ద్రాక్ష నిలిచింది, మరి మాట?

ఉగాది సంచికలో వైన్ గురించి రాయడమేమిటని పెద్దలు ముక్కున వేలేసుకోవచ్చు. తాగమని చెప్పడానికి కాదు ఈ వ్యాసం. ఆ సీసా వెనుక తాగనివారూ తెలుసుకోదగిన సంగతి ఒకటుంది. అది మన పిల్లలకు సంబంధించినది కనుక కాస్త ఓపిగ్గా చదవండి.

కారం కూరలతో ఏ వైన్ బాగుంటుందని ఇక్కడి దుకాణాల్లో అడిగితే తరచు వినిపించే పేరు గెవూర్ట్స్‌ట్రామినర్. నాలుక తిరగని ఈ పేరు జర్మన్ మాట. ‘గెవూర్ట్స్’ అంటే మసాలా. ట్రామిన్ అన్నది ఇటలీ ఉత్తరాన ఉన్న ఒక ఊరు. ద్రాక్ష తొక్క గులాబిరంగు. వైన్ మాత్రం లేత బంగారు రంగు. మూత తియ్యగానే లీచీ పండు, గులాబి రేకుల వాసన. లీచీకి ఆ పరిమళం ఇచ్చే పదార్థమే ఇందులోనూ ఉంది. కొంచెం తీపి మిగిలిన రకమైతే గుత్తివంకాయ కారాన్ని చల్లబరుస్తుంది. ఆల్కహాలు ఎక్కువున్న రకం మంటను ఇంకా పెంచుతుంది. కాలిఫోర్నియాలోని ఆండర్సన్ వ్యాలీలోనూ, న్యూయార్క్ ఫింగర్ లేక్స్ దగ్గరా దీన్ని పండిస్తారు. కానీ దీనికి పేరు తెచ్చింది ఫ్రాన్సులోని అల్సాస్.

వోజ్ కొండలకూ రైన్ నదికీ మధ్య సన్నని నేల అది. పడమటి మబ్బుల్ని కొండలు ఆపేస్తాయి. అందుకే అక్కడి కోల్మార్ పట్టణం ఫ్రాన్సులో అతి తక్కువ వానలు పడే ఊళ్ళలో ఒకటి. ద్రాక్షతోటల మధ్యగా దాదాపు 170 కిలోమీటర్ల ‘వైన్ దారి’ 1953 నుంచీ ఉంది.

మరి ఫ్రెంచి వైన్‌కు జర్మన్ పేరెందుకు? 1871లో యుద్ధం గెలిచి జర్మనీ ఆ సీమను తీసుకుంది. 1918లో తిరిగి ఫ్రాన్సుది అయింది. 1940లో నాజీలు ఆక్రమించారు. 1945 నాటికి మళ్ళీ ఫ్రాన్సు. నాజీలు ఫ్రెంచి మాట్లాడవద్దన్నారు. తరువాత ఫ్రెంచి బడులు ఇంటిభాషను వద్దన్నాయి. ఆ ఇంటిభాష అల్సేషియన్, జర్మన్‌కు దగ్గరి చుట్టం. చివరికి తల్లిదండ్రులే, పిల్లల చదువు కోసం, ఉద్యోగం కోసం అంటూ ఇంట్లో కూడా ఫ్రెంచికి మారారు.

ఫలితం? 2012 సర్వేలో పెద్దల్లో నూటికి 43 మంది ఆ భాష మాట్లాడగలమన్నారు. మూడు నుంచి పదిహేడేళ్ళ పిల్లల్లో నూటికి ముగ్గురే! తోటలున్నాయి, వంటలున్నాయి, పండుగలున్నాయి. సీసా మీద పాత పేరూ ఉంది. ఆ పేరు పెట్టిన మాట మాత్రం ఇళ్ళలో వినబడడం లేదు.

మన యానాం కూడా 1954 దాకా ఫ్రెంచివారి చేతిలోనే ఉంది. అయినా అక్కడ తెలుగు చెక్కుచెదరలేదు. చుట్టూ గోదావరి సీమ ఉంది, ఇంట్లో అమ్మ తెలుగే మాట్లాడింది. అమెరికాలో మనకు ఆ గోదావరి లేదు. ఇల్లొక్కటే ఉంది.

“2010 నుంచి 2017 లోపు ఈ దేశంలో తెలుగు మాట్లాడేవారు 86 శాతం పెరిగారు, ఇంకేం భయం?” అంటారు కొందరు మిత్రులు. ఆ పెరుగుదలలో ఎక్కువభాగం విమానం దిగినవారిది. ఇక్కడ పుట్టినవారి సంగతి నేను మన సభల్లోనే చూస్తున్నాను. పాటకు అడుగు తప్పకుండా నాట్యం చేస్తారు. ఆ పాటకు అర్థం అడిగితే అమ్మ వంక చూస్తారు.

పులిహోరా, ఆవకాయా ఎలాగూ నిలుస్తాయి. రుచికి ఎవరూ తరగతులు పెట్టనక్కరలేదు. భాషకే పెట్టాలి. అల్సాస్‌లో కొందరు తల్లిదండ్రులు 1990లో సంఘంగా ఏర్పడి మరుసటి ఏడాదే రెండు భాషల తరగతులు తెరిచారు. ఇక్కడ సిలికానాంధ్ర మనబడి 2007 నుంచీ నడుస్తోంది. కనుక దారి లేదనలేం.

నా అభిప్రాయం ఇది. హాలు, భోజనం, అతిథుల టిక్కెట్ల లెక్క వేయకముందే మన సంఘం తెలుగు తరగతి ఖర్చు పక్కన పెట్టాలి. ఇంట్లో రోజూ ఒక పూట భోజనమైనా తెలుగులో సాగాలి. పిల్లలు ఇంగ్లీషులో జవాబిచ్చినా మనం తెలుగు మానకూడదు. సాకర్, ఎస్.ఏ.టి. అంటూ తీరిక లేదనేవారికి ఒక్క మాట: అన్నం తినడానికి తీరిక దొరుకుతోంది కదా!

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.