అణువంత యంత్రం - కొండంత బాధ్యత

‘పిట్ట కొంచెం, కూత ఘనం’ అన్నారు పెద్దలు. నేటి విజ్ఞానశాస్త్రంలో ఈ సామెతకు చక్కని నిదర్శనం నానో సాంకేతికత. ఒక మీటరును నూరు కోట్ల భాగాలు చేస్తే, అందులో ఒక భాగం నానోమీటరు. మన తలవెంట్రుక మందమే సుమారు 80 వేల నానోమీటర్లు ఉంటుంది. ఇంతటి సూక్ష్మస్థితిలో పదార్థం తన స్వభావాన్నే మార్చుకుంటుంది. పసుపుపచ్చని బంగారం నానోకణాలుగా నీటిలో కలిసినప్పుడు ఎర్రగా కనిపిస్తుంది.

పరమాణువులను ఒక్కొక్కటిగా పేర్చి వస్తువులను నిర్మించవచ్చునని 1959లో అమెరికా భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఒక ఉపన్యాసంలో సూచించాడు. ప్రతి వైపు అంగుళంలో 64వ వంతుకు మించని మోటారును తయారుచేసిన వారికి వేయి డాలర్ల బహుమతి ప్రకటించాడు. మరుసటి సంవత్సరమే విలియం మెక్‌లెల్లన్ అనే ఇంజనీరు ఆ బహుమతిని గెలుచుకున్నాడు. ఆ తరువాత అణువులే యంత్రాలయ్యాయి. అణుయంత్రాలను రూపొందించినందుకు సావేజ్, స్టోడార్ట్, ఫెరింగా అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2016లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఈ అణుయంత్రాలు ఇంకా చాలావరకు ప్రయోగశాలలకే పరిమితమై ఉన్నాయి. నానోకణాలు మాత్రం ఇప్పటికే జనజీవితంలో ప్రవేశించాయి. 2020 చివరలో కొన్ని దేశాలలో వాడుకలోకి వచ్చిన ఎంఆర్‌ఎన్‌ఏ కోవిడ్ టీకాల సారాన్ని శరీరకణాలలోకి చేరవేసినవి కొవ్వుతో చేసిన నానోకణాలే. తాగునీటిలోని ఆర్సెనిక్ విషాన్ని తొలగించే నానోపదార్థాలను మద్రాసు ఐ.ఐ.టి.లో ప్రదీప్ బృందం రూపొందించింది. శాస్త్రం పేదవాని నీటికుండ వరకు వెళ్లడమంటే ఇదే.

అయితే సూక్ష్మత్వం మేలుకు ఎంత తోడ్పడుతుందో, కీడుకూ అంతే తోడ్పడగలదు. దుర్వాసన రాకుండా కొన్ని వస్త్రాలకు పూసే వెండి నానోకణాలు ఉతికినప్పుడు నీటిలో కలుస్తాయి. సూక్ష్మజీవులను చంపడమే వాటి పని. మేలుచేసే జీవి ఏదో, కీడుచేసే జీవి ఏదో అవి ఎంచి చూడవు. ఒకనాడు ఆస్బెస్టాస్‌ను కూడా నిప్పుకు చెదరని అద్భుత పదార్థమని లోకం మెచ్చుకున్నది. దాని సన్నని పోగులు ఊపిరితిత్తులలో చేరి క్యాన్సర్‌ను కలిగిస్తాయని గుర్తించి మేలుకొనేసరికి ఎందరో కార్మికులు బలైపోయారు.

పరీక్షల పేరుతో కాలయాపన చేస్తే దేశం వెనుకబడుతుందని కొందరి వాదన. 2007లో ‘నానో మిషన్’ను ఆరంభించిన మన దేశానికి వేగం అవసరమే. కాని చేతులు కాలాక ఆకులు పట్టుకొని ప్రయోజనం లేదు. నానోకణాలున్న ప్రతి వస్తువునూ విపణిలోకి రాకముందే పరీక్షించాలి. ఆ సంగతిని వస్తువుపై ముద్రించాలి. వాటిని తయారుచేసే కార్మికునికి ముందుగా రక్షణ కల్పించాలి.

రేపటి ప్రయోగశాలలు నేటి విద్యార్థులవే. కంటికి కనిపించని యంత్రాన్ని నిర్మించడానికి మేధస్సు కావాలి. అది ఎవరి శరీరంలోకి, ఎవరి నీటిలోకి చేరుతుందో ముందే ఆలోచించడానికి మనస్సు కావాలి. ఈ రెండూ కలిసిననాడే విజ్ఞానం వరమవుతుంది.