కృష్ణమ్మ వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చుందామా?

మడకశిరలో పార్టీలు ఎన్ని ఉన్నా నీళ్ల దగ్గరికొచ్చేసరికి అందరిదీ ఒకటే మాట: హంద్రీ-నీవా కాలువలో కృష్ణా నీళ్లు రానీ, అన్నీ సర్దుకుంటాయి. అమరాపురం వక్కతోట రైతూ అదే అంటాడు, ఓట్లడగడానికొచ్చే నాయకుడూ అదే అంటాడు. అందులో న్యాయం లేకపోలేదు. కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక మొదలు రాయలసీమకు నీళ్ల మీద ఇచ్చిన మాటలు ఎన్ని నిలబడ్డాయో మనకు తెలుసు. హక్కు హక్కే. నా పేచీ దాని వెనకాలే వచ్చే రెండో మాటతో. ఆ నీళ్లు వచ్చేదాకా ఇక్కడ చేయగలిగింది ఏమీ లేదట, వచ్చాక చేయాల్సిందీ ఏమీ ఉండదట.

లెక్క వేద్దాం. హంద్రీ-నీవాకు అనుకున్నది 40 టీఎంసీలు. కర్నూలు నుంచి చిత్తూరు దాకా ఆయకట్టు 6 లక్షల ఎకరాలు. దారిలో చుక్క ఇంకకుండా, ఆవిరి కాకుండా చేరిందనుకున్నా ఎకరానికి వచ్చేది సుమారు 19 లక్షల లీటర్లు. ఇక వాన. ఈ ప్రాంతంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది. అంటే ఎకరానికి 22 లక్షల లీటర్ల పైమాటే. అది ఆయకట్టు అని చూడదు, గుట్ట మీదా పడుతుంది, బీడు మీదా పడుతుంది. కరెంటు బిల్లు లేదు. హంద్రీ-నీవాకు అలా కాదు. నీళ్లు తోడుకునే శ్రీశైలం నిండుగా ఉన్నా నీటిమట్టం 885 అడుగులే. మడకశిర రెండు వేల అడుగులకు పైన ఉంది. కృష్ణా నీటిని ఇక్కడికి తేవాలంటే మెట్టుమెట్టుకూ పంపులు పెట్టి ఎక్కించాలి.

వానలో చాలా భాగం ఎండకు పోతుంది, పైరు తాగుతుంది, మిగిలింది నాలుగు రోజులు కుండపోతగా కురిసి ఏడాదంతా మొహం చాటేస్తుంది అంటారు. నిజమే. అందుకే కదా మన పెద్దలు చెరువులు కట్టింది!

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు మీద 1369 నాటి శాసనం ఒకటుంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు చెప్పారందులో. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం ఒక దోషం. నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావటం ఇంకొకటి. మూడు వైపులా కర్ణాటక ఉన్న మడకశిర గురించే రాశారా అనిపిస్తుంది. సరిహద్దు దోషాన్ని మనం బాగా పట్టుకున్నాం. పైన వాళ్లు చెరువులు, ఆనకట్టలు కట్టి పెన్నా, జయమంగళి నదులను ఎండగట్టారంటాం, మైసూరు-మద్రాసుల 1892 నదీజలాల ఒప్పందం తీసి చూపిస్తాం. వాదించాల్సిందే, వాదిద్దాం. రెండో దోషం మాత్రం మన చేతులారా చేసుకున్నది, దాని ఊసెత్తం. చెరువులోకి నీళ్లు తెచ్చే వంకను దున్ని చేనులో కలుపుకున్నది కర్ణాటకవాళ్లు కాదు. కట్ట మీద కంపచెట్లు పెరగనిచ్చిందీ వాళ్లు కాదు.

ఒకప్పుడు చెరువును చూసుకోవడానికి దశబంధం ఇనాములుండేవి, తూము ఎత్తి ఎవరి మడికి ఎంతసేపు నీళ్లో చెప్పడానికి నీరుగంటి ఉండేవాడు. ఆ రోజులు బంగారమని నేననను. కింది కులాలవాళ్ల మడికి నీళ్లు ఆఖరుకే అందేవి. కానీ ఆ ఏర్పాటు పోయాక దాని చోట్లో మరొకటి నిలబెట్టలేదు. బోరు వచ్చింది, ఎవరి నీళ్లు వాళ్లవయ్యాయి.

బోరు బండి దిగిన చేను చూడండి. టెంకాయ అరచేతిలో పెట్టుకుని పాయింటు చూపించిన మనిషి పక్కనే నిలబడి ఉంటాడు. మూడు వందల అడుగుల దగ్గర తడి మట్టి, ఆరు వందల దగ్గర రాతి పొడి, ఎనిమిది వందలు దాటాక కూడా అదే తెల్ల పొడి. "ఇంకో వంద పోనీ అన్నా" అంటాడు రైతు. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చాక తోడే ఖర్చు కనపడకుండా పోయింది, బోరు వేసే ఖర్చొక్కటే అప్పుగా మిగిలింది. డ్రిప్ పెట్టాం కదా అంటారు. డ్రిప్‌తో మిగిలిన నీళ్లు ఎక్కడికి పోయాయి? ఇంకో రెండెకరాల వక్కకు, మల్బరీకి పోయాయి. భూమిలో మాత్రం మిగల్లేదు.

లోతుకు పోయేకొద్దీ గ్రానైటు రాతి పొరల్లోని ఫ్లోరైడ్ పైకొస్తుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదని ప్రమాణం. దానికి మన విరుగుడు ఊరూరా ఆర్వో ప్లాంటు, ఇరవై లీటర్ల క్యాను. ప్లాంటు వెనక్కి వెళ్లి చూస్తే ఇంకో పైపు కనిపిస్తుంది. మంచినీళ్లు పోగా మిగిలిన నీళ్లు, ఫ్లోరైడ్, ఉప్పు చిక్కబడి, అందులోంచి మురుగుకాలువలో పడుతుంటాయి. కాలువ గోడకు తెల్లటి పొక్కు కడుతుంది. ఆ కాలువ పోయి కలిసేది ఏ కుంటలోనో. అంటే వడగట్టిన విషాన్ని మళ్లీ భూమికే తాగిస్తున్నాం. ధర్మవరంలో పట్టుకు రంగులద్దిన నీళ్లదీ ఇదే దారి.

వేరే దారి లేదా అంటే, మన జిల్లాలోనే ఉంది. 2003 నుంచి ఏడు కరువు జిల్లాల్లో రైతుల భూగర్భ జల యాజమాన్య పథకం నడిచింది, ఉమ్మడి అనంతపురం అందులో ఒకటి. వాన ఎంత పడిందో, బోర్లలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో రైతులే కొలిచారు. రబీ ముందు కూర్చుని జమాఖర్చు కట్టి ఊరందరికీ కనపడేట్టు రాశారు. ఎవరినీ బలవంతపెట్టలేదు. లెక్క కళ్లెదుట ఉంటే చాలామంది వరి మానుకుని మెట్టపంటకు మళ్లారు. 2010లో పథకం ముగిసింది. నీళ్లను, భూమిని, చెట్లను కాపాడాలని చేసిన 2002 వాల్టా చట్టం మాత్రం పుస్తకంలో భద్రంగా ఉంది. ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా మరో బోరు వేయకూడదంటుంది. ఆ దూరాన్ని టేపు పట్టుకుని కొలిచిన అధికారి ఎవరికైనా కనిపించాడా?

సరే, రేపు కృష్ణా నీళ్లు అనుకున్నంతా వచ్చాయనుకుందాం. మడకశిర బ్రాంచి కాలువ నిండుగా పారిందనుకుందాం. ఆ నీళ్లు దిగేదెక్కడ? చెరువుల్లోకే. ఊరి మురుగంతా, కోళ్ల అంగడి వ్యర్థాలూ చేరుతున్న చెరువులోకి, తూము పట్టేసి మరవ పగిలిన చెరువులోకి. వెయ్యి అడుగులకు పైగా ఎత్తి తెచ్చిన నీటికి లీటరుకు ఎంత ఖర్చయిందో కాగితం మీద ఉంటుంది. ఆ నీటిని మురుగుతో కలపకుండా ఆపే మనిషికి జీతం ఎంతో మాత్రం ఏ అంచనాలోనూ వేయలేదు. ముందు ఆ జీతం సంగతి అడగండి.