మట్టి పలికే సాక్ష్యము

ఐదవ శతాబ్ది ఆరంభములో రోము పాలన బ్రిటను దీవి నుండి తొలగిపోయినది. ఆ తరువాతి కొన్ని శతాబ్దులను చరిత్ర గ్రంథాలు చాలాకాలము 'చీకటి యుగము' అని పిలిచినవి. ఆనాటి వ్రాతలు స్వల్పము. ఉన్నవాటిలో యుద్ధాలూ వధలే అధికము. ఆరవ శతాబ్దికి చెందిన గిల్డాస్, 731లో తన చరిత్రను ముగించిన బీడ్ అనే క్రైస్తవ సన్యాసులు చెప్పిన కథయే పాఠమైనది: శాక్సనులు సముద్రము దాటి వచ్చారు, స్థానికులను చంపి తరిమివేశారు. అయితే వ్రాత లేని చోట వెలుగే లేదని తీర్మానించుట న్యాయమా? కాదని మా అభిప్రాయము.

సఫోక్ ప్రాంతములోని వెస్ట్ స్టో అనే చోట 1965 నుండి 1972 వరకు త్రవ్వకాలు జరిగినవి. ఐదు నుండి ఏడవ శతాబ్ది వరకు మనుష్యులు నివసించిన ఒక పల్లె బయల్పడినది. అక్కడ సింహాసనము లేదు. గోతిపై కట్టుకున్న కొయ్య గుడిసెలు, ఎముకతో చేసిన దువ్వెనలు, గొర్రెల పశువుల ఎముకలు, నిలువు మగ్గముపై పడుగు బిగువుగా ఉండుటకు వ్రేలాడదీసిన మట్టి బిళ్ళలు ఉన్నవి. ఏ చరిత్రకారుడూ పేరు వ్రాయని నేతగత్తె చేతిపని ఆ మట్టి బిళ్ళలలో నిలిచియున్నది. తల దువ్వుకొని, నూలు వడికి, బట్ట నేసుకొన్న జనుల బ్రతుకును చీకటి అనుట ఎట్లు?

ఆ ప్రాంతములోనే, సట్టన్ హూ వద్ద, 1939లో ఒక మట్టిదిబ్బ క్రింద సుమారు 27 మీటర్ల నావ జాడ కనబడినది. ఏడవ శతాబ్ది ఆరంభములో ఒక ప్రభువును ఆ నావతో సహా పూడ్చిపెట్టినట్లు పండితులు భావిస్తారు. కొయ్య పూర్తిగా నశించినది. ఇసుకలో దాని అచ్చు, వరుస తప్పని ఇనుప మేకులు మిగిలినవి. అందులో బైజాంటియం చక్రవర్తి అనస్తాసియస్ ముద్రలు గల పెద్ద వెండి పళ్ళెము దొరికినది. ఆ కాలపు ఆంగ్లో శాక్సను నగలలో పొదిగిన ఎర్రని గార్నెట్ రాళ్ళలో కొన్ని మన ఉపఖండము వైపు నుండి వెళ్ళినవని పరీక్షలు తెలుపుచున్నవి. లోకముతో తెగిపోయినదనుకొన్న దీవికి ఇన్ని దారులుండెను!

2022లో వెలువడిన జన్యు పరిశోధన మరొక మాట చెప్పినది. తూర్పు, దక్షిణ ఇంగ్లండులో ఆనాడు పూడ్చిన వారి వంశమూలాలలో సగటున 76 శాతము ఉత్తర ఐరోపా ఖండము నుండి వచ్చినదే. వలస నిజమే. కాని ఒకే శ్మశానములో, ఒకే కుటుంబములో కూడ స్థానికులూ వలసవారూ కలిసిన జాడలున్నవి. కత్తి కథను మాత్రమే విన్న మనకు పెండ్లి కథను మట్టి వినిపించినది.

ఇక మన సభలలో తరచు వినబడే ఒక విషయము. 757 నుండి 796 వరకు మెర్సియాను పాలించిన ఓఫా రాజు పేరిట ఒక బంగారు నాణెమున్నది. అది ఖలీఫా అల్ మన్సూర్ కాలమున హిజ్రీ 157లో ముద్రించిన దీనారుకు అనుకరణ. అల్లాహ్ ఏకత్వమును చాటే అరబ్బీ పదాల నడుమ 'ఓఫా రాజు' అని లాటిను అక్షరాలున్నవి. దీనిని చూపి ఆయన ఇస్లామును స్వీకరించెనని కొందరు గర్వముగా చెప్పుదురు. మేము అంగీకరింపలేము. ఆ లాటిను అక్షరాలు అరబ్బీ పంక్తులకు తలక్రిందులుగా ఉన్నవి. అరబ్బీలోనూ పొరపాట్లున్నవి. చెక్కినవానికి ఆ భాష రాదు. దూరదేశాలలో చెల్లుబడి గల నాణెమును చూచి నకలు చేసినాడు, అంతే. సాక్ష్యము చెప్పని గొప్పను మనము కోరరాదు. ముస్లిముల దీనారుకు క్రైస్తవ రాజ్యములో అంత విలువ ఉండెననే సత్యమే మనకు చాలినంత గౌరవము.

విద్యార్థులారా! వీడు స్థానికుడు, వాడు పరాయివాడు అని చరిత్ర పేరిట ఎవరైనా తీర్పు చెప్పినప్పుడు, సాక్ష్యమేదని అడుగుడు. మన పక్షమువారు చెప్పినను అదే ప్రశ్న వేయుడు. మన కళాశాల సంఘము కూడ ఏటేటా చరిత్ర విద్యార్థులను ఒక్కమారైనా పురావస్తుశాలకు పంపవలెనని మా మనవి. పుస్తకము పట్టిన చేయి ఒక పాత కుండపెంకును కూడ తాకవలెను.